జవాన్ల ముందు పాడబోయే చిట్టికి

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో నాలుగు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. లద్దాఖ్‌లో జవాన్ల ముందు పాడటానికి ట్రూపుతో రమ్మని నీకు పిలుపొచ్చింది. వెళ్తే యుద్ధానికి వంత పాడినట్టేనని మీ బ్యాండులో గిటార్ వాయించే అబ్బాయి అంటున్నాడు. ఆడపిల్లను అంత దూరం ఎలా పంపుతామని మీ అమ్మ బెంగ. తుపాకుల మధ్య పాటకు పనేమిటని నీ అనుమానం.

నా మాట ముందే చెబుతాను. అక్కడ కూర్చున్న మనుషుల కోసమైతే తప్పకుండా వెళ్లు. వాళ్లను వెనక నిలబెట్టుకుని టీవీల ముందున్న వాళ్లకు ఏదో చూపించడానికైతే మాత్రం వెళ్లొద్దు. సర్వీసంతా మిలట్రీ ఆస్పత్రుల్లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసినవాణ్ణి. ఈ రెండు రకాల వాళ్లనూ దగ్గర్నుంచి చూశాను.

ఆ అబ్బాయి మాటను కొట్టిపారెయ్యకు. సైనికుల వినోదం కోసం అమెరికాలో 1941లో యూఎస్ఓ అనే సంస్థ పెట్టారు. ఆ సంస్థ తరఫున బాబ్ హోప్ అనే హాస్యనటుడు 1964 నుంచి 1972 దాకా ఏటా క్రిస్మస్‌కి వియత్నాం వెళ్లి షోలు చేశాడు. ఆయన ఆ యుద్ధాన్ని బాహాటంగా సమర్థించాడు. ఆ షోలు టీవీలో వచ్చేవి. ఇంట్లో కూర్చుని చూసినవాళ్లకు కుర్రాళ్ల నవ్వులు కనిపించాయి కానీ, మర్నాడు వాళ్లెక్కడికి వెళ్లారో కనిపించలేదు. ఆ గిటార్ అబ్బాయి భయపడేది దీనికే. అది న్యాయమైన భయమే.

కానీ 1971లో జేన్ ఫోండా, డొనాల్డ్ సదర్లాండ్ అదే యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఒక ట్రూపు కట్టారు. ఆ ట్రూపు ఎవరి దగ్గరికి వెళ్లిందనుకున్నావు? సైనికుల దగ్గరికే. బేసుల్లోకి రానివ్వకపోతే బయట కాఫీ హౌసుల్లో, హాళ్లలో ఆడారు. హవాయి, ఫిలిప్పీన్స్, ఒకినావా, జపాన్ తిరిగారు. సైన్యంలో ఉన్న కుర్రాళ్లే వచ్చి చూశారు. యుద్ధం తప్పని నమ్మినవాళ్లు కూడా ఆ కుర్రాళ్లను మాత్రం వదిలెయ్యలేదు. యుద్ధం ఎప్పుడు, ఎక్కడ, ఎందుకన్నది సిపాయిని అడిగి ఎవరూ నిర్ణయించరు. పోస్టింగ్ ఆర్డరు వస్తుంది, ట్రంకు పెట్టె సర్దుకుని రైలెక్కుతాడు. అతనికి ఒక పాట వినిపిస్తే ఏ ప్రభుత్వానికో సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదని ఆ అబ్బాయితో నా మాటగా చెప్పు.

వీళ్లందరికంటే నాకు ఎక్కువ గౌరవమున్న మనిషి వేరా లిన్. ఇంగ్లండులో అప్పటికే ఎంతో పేరున్న గాయని. 1944లో, ఇరవై ఏడేళ్ల వయసులో, బర్మా వైపు అరకాన్ దాకా వచ్చింది. అక్కడ పోరాడుతున్న 14వ సైన్యానికి ‘మరిచిపోయిన సైన్యం’ అని పేరు. యూరప్ యుద్ధం మీదే అందరి చూపూ ఉండేది, వీళ్ల ఊసెత్తేవాళ్లే లేరు. పియానోను లారీలో వేసుకుని తిరిగింది. ఆ గతుకులకూ ఉక్కకూ అది శ్రుతి తప్పుతూనే ఉండేది. అలాగే పాడింది. షో ముగిశాక ఆస్పత్రి వార్డుల్లోకి వెళ్లి రోగులతో కబుర్లు చెప్పేది. ఆ సైన్యంలో ఎక్కువమంది మన భారతీయులే, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. మన సిపాయిల వినోదానికి ఫౌజీ దిల్‌ఖుష్ సభ అని విడిగా ఒక ఏర్పాటు ఉండేది. పరాయి రాజు కోసం అడవుల్లో పోరాడుతున్న వాళ్లకు సొంత భాషలో ఒక పాట వినబడటమంటే మాటలా!

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో ఆ బాట వేసినవాళ్లలో సునీల్ దత్, నర్గీస్ ఉన్నారు. 1962 చైనా యుద్ధం తర్వాత అజంతా ఆర్ట్స్ ట్రూపుతో మారుమూల సరిహద్దు పోస్టులకు వెళ్లి ఆడిపాడారు. 1971లో బంగ్లాదేశ్ విముక్తి అయ్యాక ఢాకాలోనూ ప్రదర్శన ఇచ్చారు. వెళ్లలేని వాళ్లకు రేడియో ఉండనే ఉంది. వివిధ భారతి ‘జయమాల’ కార్యక్రమంలో సినిమావాళ్లే మైకు ముందు కూర్చుని ఫౌజీ భాయీలకు పాటలు వేసేవారు. రాత్రి వార్డులో ఆ సమయానికి ఎవరైనా గట్టిగా మాట్లాడితే పక్క మంచం వాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

లేహ్ ఆస్పత్రిలో నేనుండగా ఒక చిన్న ట్రూపు వచ్చింది. మంచు కాటుకు రెండు చేతులకూ కట్లు కట్టించుకున్న కుర్రాడొకడు ఆ వార్డులో ఉన్నాడు. గఢ్వాల్ వైపు వాడు. చప్పట్లు కొట్టలేక మడమతో ఇనప మంచం కోడును కొడుతున్నాడు. ఆ గాయని అది గమనించి, ఏ పాట కావాలని అడిగింది. వాడు తన ఊరి పాటేదో చెప్పాడు, ఆమెకది రాదు. మంచం పక్కన స్టూలు వేసుకుని, ‘నువ్వు చెప్పు, నేను అంటాను’ అంది. వాడు ఒక్కో ముక్కా అందిస్తుంటే వెనకాలే పాడింది. తప్పు పలికితే వాడు దిద్దాడు. లంగరు అనే మిలట్రీ వంటశాల నుంచి వంటవాళ్లు చేతుల పిండి కూడా కడుక్కోకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ పూట వాడు రొట్టె తినిపించమని తనే అడిగాడు. అంతకుముందు బతిమాలినా తినేవాడు కాదు.

ఇంకోసారి ఒక పేరున్న నటుడు వచ్చాడు, పేరెందుకులే. పొద్దుటినుంచీ జవాన్లు చలిగాలిలో వరసగా నిలబడ్డారు. ఆయన కెమెరాలతో దిగి, మిలట్రీ జాకెట్టు తొడుక్కుని, శత్రువును నరికేస్తామని నాలుగు డైలాగులు చెప్పి, తుపాకీ పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోయాడు. డిసిప్లిన్ ఉన్నవాళ్లు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం లంగరులో ఆయన మాట ఎవరూ ఎత్తలేదు.

నువ్వు స్టేజీ మీద యుద్ధం గురించి మాట్లాడకు. గల్వాన్ లోయ ఘర్షణలో 2020 జూన్ 15 రాత్రి మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది ప్రాణాలిచ్చారు. తెలుగమ్మాయివి కాబట్టి ఆయన పేరెత్తమని యాంకర్లు అంటారు. చప్పట్ల కోసం ఆ పేరు వాడొద్దు. ఆయనతో కలిసి అన్నం తిన్నవాళ్లు నీ ముందే కూర్చుని ఉండొచ్చు. నీ పని పాడటం. తెలుగు పాట ఒకటి ఉంచుకో, తమిళం, పంజాబీ, గఢ్వాలీ ఒక్కోటి నేర్చుకో. సెంట్రీ డ్యూటీలో ఉన్నవాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు షో చూడలేరు. వీలైతే వాళ్ల దగ్గరికెళ్లి ఒక్క పాటైనా పాడనివ్వమని ఆఫీసర్ని ముందే అడుగు. డబ్బు తీసుకోవాలా అని అడిగావు. ట్రూపులో వాయించేవాళ్లకు ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. తీసుకోవడంలో తప్పేమీ లేదు.

షో ఎక్కడ పెడుతున్నారో మాత్రం గట్టిగా కనుక్కో. 2023 నవంబరులో దొనెట్స్క్ ప్రాంతంలో, రష్యా అధీనంలో ఉన్న ఊళ్లో, రష్యన్ సైనికుల కోసం ప్రదర్శన జరుగుతుండగా ఉక్రెయిన్ దాడి చేసింది. స్టేజీ మీదున్న నటి పొలీనా మెన్షిఖ్ చనిపోయింది. అదేమీ ముందు వరుస కాదు, చాలా వెనక ఉన్న ఊరు. పాట కోసం సైనికులందరినీ ఒక చోట కూర్చోబెడితే ఆ చోటే శత్రువుకు గురి అవుతుంది. నీ ప్రాణం ఒక్కటే కాదు, నీ కోసం పోగైనవాళ్ల ప్రాణాలూ లెక్కలోకి వస్తాయి. ఉద్రిక్తంగా ఉన్న రోజుల్లో ఇంకా ముందుకు రమ్మని ఎవరైనా ఉత్సాహపడితే రానని చెప్పు. అది పిరికితనం అనిపించుకోదు.

ఇక ఎత్తు సంగతి. లేహ్ సుమారు పదకొండున్నర వేల అడుగుల ఎత్తున ఉంటుంది. కొత్తగా వచ్చిన జవాన్లనే మొదటి ఆరు రోజులు అలవాటు పడటానికి ఆపుతారు. దిగిన మర్నాడే షో అంటే ఒప్పుకోకు. దీర్ఘాలు తీసే పాటలకు అక్కడ ఊపిరి అందదు. శ్రుతి ఒక మెట్టు దించుకో, చిన్న చిన్న పాదాలున్న పాటలు ఎంచుకో. రాత్రిపూట తలనొప్పి తగ్గకపోయినా, పొడిదగ్గూ ఆయాసమూ మొదలైనా ప్రోగ్రాం పోతుందని దాచకు, వెంటనే డాక్టరుకు చెప్పు. నువ్వు పడిపోతే నీకు పెట్టే ఆక్సిజనూ, నిన్ను దింపే బండీ ఆ జవాన్ల వాటాలోంచే రావాలి.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. తేదీలు ఖాయమవగానే కబురు చెయ్యి. చలిబట్టలన్నీ ఇక్కణ్ణుంచి మోసుకెళ్లకు, మేజోళ్లూ టోపీ లేహ్ బజారులోనే మంచివి దొరుకుతాయి.

మీ పెదనాన్న