కదలించునది ఏది?

మనుష్యుని కార్యమునకు పురికొల్పుదానికి ఆంగ్లమున పెక్కు పేర్లు కలవు. అవి యన్నియు నొక్కటి కావు. మోటివ్ అనునది లోపలి ఉద్దేశము. కదలించుట యను అర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినది. ఇన్సెంటివ్ వెలుపలినుండి ఆశ చూపునది. దాని మూలమున నున్నది గానము, శ్రుతి యందిచ్చుట! కర్మాగారమున అధికోత్పత్తికిచ్చు సొమ్మును ఆ పేర పిలుచుట తరువాతి మాట. ఇంపల్స్ ఆలోచనకు తావీయని త్రోపు.

భగవద్గీత మూడవ అధ్యాయము 36వ శ్లోకమున అర్జునుడు అడిగినది ఈ త్రోపును గూర్చియే. ఇష్టము లేకున్నను, ఎవరో బలవంతపెట్టినట్లు, నరుడు పాపమేల చేయును? రజోగుణమునుండి పుట్టిన కామక్రోధములే కారణమని భగవానుని సమాధానము.

మరి మ్రొక్కుకొని కొండనెక్కు భక్తుని సంగతి యేమి? బిడ్డకు జ్వరము తగ్గినచో తలనీలాలు సమర్పింతునన్న తల్లిని నడిపించునది మోటివా, ఇన్సెంటివా? రెండు పదములును చాలవు. అది బేరమని తేలికగా చూచువారు కలరు, తొందరపాటు. ఏడవ అధ్యాయమున భగవానుడు ఆర్తుని, జిజ్ఞాసువును, అర్థార్థిని, జ్ఞానిని ఒక్క పంక్తిని నిలిపి, అందరును ఉదారులే యనెను. జ్ఞాని తన ఆత్మయేయని వేరుగా చెప్పినను, ఆర్తుని ఆ పంక్తినుండి లేపలేదు.