టీ కణాలకు రెండో సంకేతం: కోల్‌కతా వేపాకు పరిశోధన

క్యాన్సర్ కణాలు మన శరీరంలోనే పెరుగుతున్నా రోగనిరోధక వ్యవస్థ చాలాసార్లు ఎందుకు ఊరుకుంటుంది? దీనికి ఒక కారణం డెండ్రైటిక్ కణాల ఉపరితలంపై కనిపిస్తుంది.

కొమ్మల్లాంటి శాఖలుండే ఈ కణాలను 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ వర్ణించారు. ఇందుకు స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి లభించింది. చర్మంలో, పేగుల్లో కాపలా కాసే ఈ కణాలు సూక్ష్మజీవులను మింగి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కను ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్‌పై ఉంచి, లింఫ్ గ్రంథికి చేరి టీ కణానికి చూపిస్తాయి. ఇది మొదటి సంకేతం.

అదొక్కటే చాలదు. డెండ్రైటిక్ కణంపై ఉండే సీడీ80, సీడీ86 ప్రోటీన్లు టీ కణంపై ఉన్న సీడీ28తో జతకట్టాలి. ఇది రెండో సంకేతం. రెండూ అందితేనే టీ కణం విభజన చెంది దాడికి సిద్ధమవుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు? డెండ్రైటిక్ కణాలు మన సొంత కణాల ముక్కలను కూడా చూపిస్తుంటాయి. ప్రమాదం లేనప్పుడు వాటిపై సీడీ80, సీడీ86 తక్కువగా ఉంటాయి. మొదటి సంకేతం మాత్రమే అందిన టీ కణం స్పందించకుండా ఉండిపోతుంది. మన కణజాలానికి అదే రక్షణ. దాడి మొదలయ్యాక టీ కణంపై సీటీఎల్‌ఏ-4 అనే ప్రోటీన్ వెలువడి, సీడీ28 కన్నా గట్టిగా అవే ప్రోటీన్లను పట్టుకుని బ్రేకు వేస్తుంది.

ఈ రక్షణనే క్యాన్సర్ తనకు అనుకూలంగా మలచుకుంటుంది. కణితి పరిసరాల్లో డెండ్రైటిక్ కణాలు సరిగా పరిణతి చెందవు. రెండో సంకేతం బలహీనపడుతుంది.

కోల్‌కతాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థలో రథీంద్రనాథ్ బరల్ బృందం ఈ సమస్యపై పనిచేసింది. వేపాకు నుంచి వేరుచేసిన ఒక గ్లైకోప్రోటీన్‌ను ప్రయోగశాలలో డెండ్రైటిక్ కణాలకు అందించింది. వాటిపై సీడీ80, సీడీ86, సీడీ40 పెరిగాయని, టీ కణాలను ఉత్తేజపరిచే ఐఎల్-12 ఎక్కువగా విడుదలైందని 2010లో ప్రచురించింది. అలాంటి కణాలతో కలిసిన టీ కణాలు కణితి కణాలను మరింత సమర్థంగా చంపాయి.

దీనర్థం వేపాకు నమిలితే క్యాన్సర్ తగ్గుతుందని కాదు. ఇక్కడ వాడింది శుద్ధిచేసిన ప్రోటీన్, పరీక్షించింది ప్రయోగశాలలోని కణాలపై. ఇది ఆమోదం పొందిన చికిత్స కాదు. దీన్ని నమ్మి వైద్యం మానుకుంటే ప్రాణానికే ముప్పు. ఈ పరిశోధన చెప్పేది వేరు: టీ కణానికి శత్రువును చూపిస్తే సరిపోదు, కదలమని చెప్పే రెండో సంకేతమూ అందాలి.