తుంగభద్ర నేర్పెడి అలంకారములు

విద్యార్థులారా! అలంకార లక్షణములను వల్లె వేయుటకంటె ఒక్క వాక్యమును విడదీసి చూచుట మేలు.

మన జిల్లాకు ఉత్తరమున కృష్ణయు, దక్షిణమున తుంగభద్రయు ప్రవహించుచున్నవి. "తుంగభద్ర తల్లివలె మనలను పోషించుచున్నది." ఇందు తుంగభద్ర ఉపమేయము, తల్లి ఉపమానము, పోషించుట సమానధర్మము, 'వలె' ఉపమావాచకము. నాలుగును కలవు గనుక ఇది పూర్ణోపమ.

"తుంగభద్ర యను తల్లి మనలను పోషించుచున్నది" అన్నచో నదికిని తల్లికిని భేదము లేదు. ఇది రూపకము.

సింధనూరు, మాన్వి పొలములకు కాలువనీరు వడిగా పారుచుండగా, "బిడ్డల యాకలి నెరిగి తల్లి పరుగిడుచున్నదో!" అని ఊహించినచో ఉత్ప్రేక్ష.

ఈ పేర్లే మీ కన్నడ పాఠములందును కలవు. 'వలె'కు మారుగా అచట 'అంతె' వచ్చును. 9వ శతాబ్దినాటి కన్నడ 'కవిరాజమార్గము'నకు దండి సంస్కృతమున రచించిన 'కావ్యాదర్శము' ముఖ్యాధారము. తెలుగు లాక్షణికులును సంస్కృతమునుండియే ఈ శాస్త్రమును గ్రహించిరి. కావున రెండు భాషలు బిడ్డలకు బరువగునని తల్లిదండ్రులు శంకింప నక్కరలేదు. తెలుగున ఉపమేయమును గుర్తింప నేర్చినవాడు కన్నడమునను గుర్తింపగలడు.

ఇక కృష్ణానదినిగూర్చి ఉపమ, రూపకము, ఉత్ప్రేక్ష వచ్చునట్లు మూడు సొంతవాక్యములు వ్రాయుడు.