పౌలు వారా, అపొల్లో వారా?



టోలిచౌకికి ఫిలింనగర్ కూతవేటు దూరం. మన పిల్లలకు హీరోలు చుట్టాల వంటివారు. అభిమానించడం పాపం కాదు. కాని 2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో, అవయవదానం గురించిన సభకు వెళ్ళిన తిరుపతి యువకుడొకడు హీరోల విషయమై రేగిన గొడవలో కత్తిపోటుకు బలయ్యాడు. అతడు అభిమానించిన పవన్ కల్యాణ్ తిరుపతి వెళ్ళి ఆ తల్లిని ఓదార్చవలసి వచ్చింది.

ద్వేషం ప్రేమలోనుండే పుడుతుందని పునీత అక్వినాసు తోమాసుగారు బోధించారు. ప్రేమించినదానికి ఏది అడ్డమనిపిస్తే దాన్ని ద్వేషిస్తాము. మరి అవతలి హీరో సినిమా ఆడితే మన హీరోకు పోయేదేమిటి? పోయేది అభిమాని పరువే. అంటే అతడు ప్రేమిస్తున్నది హీరోను కాదు, ఆ పేరు చాటున తన్ను తానే.

కొరింతు సంఘంలోనూ ఇదే తగవు. పౌలు వారమని కొందరు, అపొల్లో వారమని కొందరు చీలిపోయారు. పౌలుగారు మొదట నిలదీసినది ఎవరిని? తన పేరు చెప్పుకొన్నవారినే! (మనమైతే ఎదురింటి పిల్లలతో మొదలుపెడతాము.) మీకోసం సిలువ వేయబడినది నేనా అని అడిగారు.

నందమూరి, మెగా అభిమానులు ఏళ్ళతరబడి ఎడమొహం పెడమొహంగా ఉండగా, 2022లో వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్'లో ఎన్టీఆర్, రామ్‌చరణ్ భుజం భుజం కలిపి నటించారు. పౌలుగారూ అంతే. అదే లేఖ చివరి అధ్యాయం ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. కొరింతుకు వెళ్ళమని అపొల్లోను ఎంతగానో బతిమాలినది ఆయనే.