మేకలకు ఇంట్లోనే దాణా తొట్టి: ఒక పీవీసీ పైపుతో 10 మేకలకు

మేక తినని ఆకు లేదంటరు. కానీ తొక్కిన దాణా, పెంటికలు పడ్డ దాణా మాత్రం ముట్టదు. నేను సుబేదారిలో ఉంటాను, మేకల షెడ్డు ఊళ్లో ఉంది. మొదట్లో మేము దాణా నేల మీద గోనె పరిచి పోసేవాళ్లం. సగం కాళ్ల కిందనే పోయేది. ఒకరోజు పెద్ద మేక ఒకటి మిగతావాటిని కుమ్మి, మొక్కజొన్న అంతా తానే తిన్నది. తెల్లారేసరికి పొట్ట ఉబ్బి పడిపోయింది, బతకలేదు. డిప్లొమాలో చదివిన పాఠమే, కానీ నష్టపోయినంకనే బుర్రకెక్కింది. అందుకే ఈ తొట్టి. వీడియో చూస్తూ ఇది చదవండి.

కావలసినవి: 6 అంగుళాల పీవీసీ పైపు 10 అడుగులు, రెండు ఎండ్ క్యాపులు, క్లాంపులు, ఒక వెదురు బొంగు, గరుకు కాగితం. పెద్ద మేకకు ఒక అడుగు జాగా కావాలి. అంటే 10 అడుగుల పైపు 10 మేకలకు సరిపోతుంది.

తయారీ:

1. పైపును సగానికి చీల్చొద్దు. పొడవునా రెండు గీతలు గీసి, సుమారు ఆరున్నర అంగుళాల పట్టీ మాత్రమే కోసి తీయండి. అంచులు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి దాణా బయటకు చిమ్మదు.

2. రెండు చివర్ల ఒక్కో అడుగు కోయకుండా వదలొద్దు, ఆ మూలల్లోనే దాణా ఇరుక్కుని బూజు పడుతుంది.

3. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. లేకపోతే మూతి కోసుకుంటది. ముక్కు, నోటికి గుడ్డ కట్టుకోండి. పొట్టు మొత్తం ఏరి షెడ్డు బయట పారేయండి.

4. ఒక క్యాపు గట్టిగా అతికించండి, రెండోది ఊడేలా ఉంచండి. కడిగినప్పుడు నీళ్లు అటు నుంచి పోతాయి.

5. గోడకు 16–18 అంగుళాల ఎత్తులో బిగించండి. పిల్లలకు వేరే తొట్టి, 8–10 అంగుళాల ఎత్తులో.

6. తొట్టికి అడుగు పైన, సరిగ్గా మధ్యకు వచ్చేలా బొంగు కట్టండి. మూతి దూరుతుంది, కాళ్లు పెట్టి ఎక్కలేవు.

దాణా కలిపే లెక్క (100 కిలోలకు): నలగ్గొట్టిన మొక్కజొన్న 50, తవుడు 27, పల్లి చెక్క 20, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1. బూజు వాసన వచ్చే మొక్కజొన్న, చెక్క ఎంత చవకగా దొరికినా కొనొద్దు. అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు.

పెద్ద మేకకు రోజుకు 200–250 గ్రాములు, రెండు పూటలుగా. అంటే 10 మేకలకు పూటకు కిలో పావుకు మించొద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 50 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. ముందు కొంచెం ఎండుమేత లేదా కొమ్మలు వేసి, ఆ తర్వాతే దాణా. తొట్టి పొడవునా పలుచగా పోస్తే బలమైనది ఒక్కటే ఊడ్చుకుపోదు.

కొందరు డ్రమ్ములో నింపి, తిన్నకొద్దీ కిందికి జారే తొట్టి చేస్తున్నరు. కోళ్లకు అది మంచిదే. మేకలకు గింజల దాణా అట్ల పెట్టొద్దు. ఎక్కువ గింజ ఒకేసారి పడితే పొట్టలో ఆమ్లం పెరుగుతుంది, చిటుక రోగానికి కూడా అదే దారి. నెమరు ఆగినా, పొట్ట ఉబ్బినా, పలుచగా పారినా దాణా ఆపి వెంటనే పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయండి. వానలకు ముందు చిటుక టీకా మరవొద్దు.

రోజూ పొద్దున తొట్టి ఊడ్చండి, వారానికోసారి కడిగి ఎండబెట్టండి. ఊడ్చిన చెత్త, పెంటికలు కుప్పలో వేస్తే మాగి పొలానికి మంచి ఎరువు అయితది.

మా షెడ్డులో ఇప్పుడు నేల మీద గింజ కనపడదు. మీ మేకలెన్నో లెక్కపెట్టి, అన్ని అడుగుల పైపే కొనండి.