ప్రశ్నలు – జవాబులు: టిప్పు ఎవరి బాకీ?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు టిప్పు సంగతే అడుగుతున్నాయి. ఒకటి సముద్రం మీది ముచ్చట, ఇంకొకటి గ్యాస్ బండ దగ్గరిది. అందుకే కలిపి జవాబిస్తున్నాను.

ప్రశ్న: అక్కా, రామగుండం ఎన్టీపీసీలో ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. మొన్న ఎండాకాలం నేను, మా ఇంటామె డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి పోయాం. కొడుకూ కోడలూ మమ్మల్ని గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్‌కు తీసుకుపోయారు. టికెట్ల డబ్బు ముందే కట్టేశాం. మూడో రోజు గదిలో టీవీ మీద మా ఖాతా చూస్తే మనిషికి రోజుకు 18 డాలర్ల 50 సెంట్లు టిప్పు కింద ఎక్కుతోంది. నలుగురికి ఏడు రోజులకు 518 డాలర్లు. మన పైసల్లో నలభై నాలుగు వేల పైమాటే. నన్నెవరు అడిగి వేశారు? కౌంటర్‌కు పోయి చెబితే తీసేస్తారని పక్క గది పెద్దమనిషి అన్నాడు. నేను బయల్దేరితే కొడుకు చెయ్యి పట్టుకుని "బాపూ, పరువు తీయకు" అన్నాడు. రెండు రోజులు మాటల్లేవు. చివరికి తీయించలేదు గానీ మనసులో ముల్లు అట్లనే ఉంది. మా గది ఊడ్చిన ఇండోనేషియా పిల్లగాడు మాత్రం బంగారం. రోజూ తువ్వాలును మడిచి ఏనుగో కోతో చేసి మంచం మీద పెట్టేవాడు. మా ఇంటామె అన్నిటికీ ఫొటోలు తీసింది. తప్పు నాదా, కొడుకుదా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, జ్యోతినగర్

జవాబు: అన్నా, మీ కోపం న్యాయమైందే. మీ కొడుకు ఆపడమూ మంచిదే. కాకపోతే ఆయన పరువు అన్నాడు, నేను జీతం అంటాను.

దాన్ని టిప్పు అనుకోబట్టే మీకు మండింది. మనసై ఇచ్చేదాన్ని అడక్కుండా ఖాతాలో రాసుకుంటే ఎవరికైనా మండుతుంది. వెనకటికి ఓడల్లో ఆఖరి రాత్రి కవర్లు పంచేవాళ్లు. గది శుభ్రం చేసినవాడికొకటి, భోజనం వడ్డించినవాడికొకటి, ఎవరికి తోచినంత వాళ్లు. ఆ ఒక్క రాత్రి కావాలని భోజనానికి రాకుండా తప్పించుకునేవాళ్లూ ఉండేవాళ్లు. తర్వాత కంపెనీలే రోజు లెక్కన ఖాతాలో వేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు అమెరికా రేవుల నుంచి నడిచే పెద్ద ఓడల్లో మనిషికి రోజుకు దాదాపు 16 నుంచి 20 డాలర్లు నడుస్తోంది. సూట్ తీసుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ. బీరు తాగినా, కాఫీ కొన్నా ఆ బిల్లు మీద 18, 20 శాతం వేరే. ఆ డబ్బు మీ గది పిల్లగాడికీ, వడ్డించినవాళ్లకే కాదు, మీరు ఒక్కసారి కూడా మొహం చూడని లాండ్రీ వాళ్లకూ పంచుతారు.

ఇక జీతం సంగతి. మీరు టెక్సాస్‌లో ఎక్కినా కాగితాల్లో ఆ ఓడ అమెరికాది అయ్యుండదు. వెనక ఎగిరే జెండా చూసుంటే తెలిసేది. ఎక్కువ ఓడలకు బహామాస్‌దో పనామాదో ఉంటుంది. ఎవరి జెండా ఉంటే వాళ్ల చట్టం. కాబట్టి అమెరికా కనీస వేతనం ఓడ మెట్లెక్కి రాదు. ఆ మాటకొస్తే ఒడ్డు మీద మాత్రం ఏముంది? మీ కొడుకు ఉండే టెక్సాస్‌లో టిప్పులొచ్చే సర్వర్‌కు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలు. అక్కడి కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు. మధ్యలో ఉన్న గుంతను టిప్పులు పూడ్చాలి, పూడకపోతేనే యజమాని చెయ్యి కదులుతుంది. 1991 నుంచీ ఆ 2.13 అంకె కదలలేదు. టిప్పు వస్తుందిలే అని జీతం కోసే అలవాటు అది. ఓడల కంపెనీలు దాన్నే సముద్రం మీదికి తీసుకుపోయాయి.

మీరు నైట్ షిఫ్టులో బాయిలర్ దగ్గర నిలబడ్డ రోజులు గుర్తు చేసుకోండి. ఆ నెల కరెంటు బిల్లులో "రామగుండం కార్మికుడికి రోజుకు ఇంత" అని వేరే గీత ఉండి, ఇష్టం లేనివాళ్లు కౌంటర్‌కు పోయి కొట్టేయించుకోవచ్చు అంటే ఎట్లుండేది? టౌన్‌షిప్ క్వార్టర్లలో ఒక్కరికి కన్ను మూతపడేదా? కరెంటు రేటులోనే మీ జీతం కలిసి ఉంది గనుక మీరు నెల మొదటి తారీఖును నమ్ముకుని పిల్లల్ని చదివించుకున్నారు.

మా నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలీ. పైకప్పు కూలి పని ఆగిన రోజు, టబ్బులే లోపలికి రాని రోజు ఆయన తప్పేమీ లేదు గానీ చేతిలో లెక్క సున్నా. అట్లాంటి రోజు కోసమే ఫాల్‌బ్యాక్ వేజ్ అనే ఖాయం కూలీ ఉండేది. నాన్నకు చదువు రాదు. జీతం స్లిప్పు ఇంటికి తెస్తే మడత విప్పి, ఫాల్‌బ్యాక్ రాసే గడి మీద బొటనవేలు పెట్టి, "బిడ్డా, గిక్కడ ఎంతుందో సదువు" అనేవాడు. ఆ వేలిగోరులో బొగ్గు నలుపు ఎంత తోమినా పోయేది కాదు. ఆ గడి ఆయనకెవరూ ఇనాంగా ఇయ్యలేదు. యూనియన్లు కొట్లాడి వేతన ఒప్పందంలో రాయించుకున్నది.

వాటాకూ ఇనాంకూ తేడా మన బొగ్గుబాయి ఊళ్లకు చెప్పాల్సిన పని లేదు. 2024 దసరా ముందు సింగరేణి లాభంలో విస్తరణకు పక్కన పెట్టింది పోను మిగిలినదాంట్లో 33 శాతం, 796 కోట్లు, పర్మినెంటు కార్మికులకు వాటాగా వచ్చింది. అదే దసరాకు కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి తలా 5,000 ఇచ్చారు. ఒకే బాయిలో దిగిన ఇద్దరిలో ఒకరికి శాతం, ఇంకొకరికి ఒక అంకె. ఇచ్చింది మంచిదే, కాదనను. కానీ శాతం ఉన్నవాడు లెక్క అడగగలడు, అంకె ఉన్నవాడు వచ్చే ఏడు ఎంతిస్తారో అని ఎదురుచూడాలి. మీ గది పిల్లగాడు ఏడు రాత్రులకోసారి అట్లా ఎదురుచూస్తాడు.

మీరు కౌంటర్‌లో ఆ గీత కొట్టేయించినా కంపెనీకి పెద్ద నష్టమేం లేదు, టికెట్టు డబ్బు ముందే ముట్టింది. తగ్గేది తువ్వాలును ఏనుగు చేసిన చేతులకు. కాబట్టి తీయించకపోవడమే సరైన పని. ఈసారి పోయేటప్పుడు దాన్ని టికెట్టులో భాగమనుకుని మొదలే కలిపి చూసుకోండి. అప్పటికీ గిట్టుబాటైతేనే ఎక్కండి. సేవ నిజంగా బాగాలేకపోతే ఆ రోజే కౌంటర్‌లో చెప్పండి. బాగుంటే ఆ పిల్లగాడి పేరు వాళ్లిచ్చే అభిప్రాయాల కాగితంలో రాయండి. మీ కోపం మాత్రం చల్లార్చుకోకండి, కంపెనీ పెద్దాఫీసుకు రాయండి: "ఈ డబ్బును టికెట్టు ధరలోనే కలపండి, జీతంగానే ఇవ్వండి" అని. కుదరని పనేమీ కాదు. బ్రిటన్‌లోని పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019లో రోజువారీ టిప్పు వేయడమే మానేసింది.

కొడుక్కు ఈ ఆదివారం ఫోన్ చేయండి. మొదలు మీరే చేయండి.

ప్రశ్న: అక్కా, బిడ్డ పెళ్లి బట్టలకు హైదరాబాద్ పోయి ఒక పెద్ద రెస్టారెంట్‌లో తిన్నాం. తిండికి 2,840 అయింది. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి అని 284 వేసి, రెండూ కలిపి మళ్లీ జీఎస్టీ వేశారు. అడిగితే "బయట బోర్డు మీద రాశాం, చూసుకోలేదా" అని మేనేజర్ గట్టిగా మాట్లాడాడు. కట్టి వచ్చాం. కట్టాల్సిందేనా?
– ఒక తల్లి, గోదావరిఖని

జవాబు: చెల్లె, కట్టనక్కర్లేదు. బోర్డు మీద రాసినా కట్టనక్కర్లేదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతటదే వేయకూడదు, వేరే పేరు పెట్టి కూడా వేయకూడదు, దాన్ని కలిపి జీఎస్టీ వసూలు చేయకూడదు, కట్టనన్నవాళ్లను లోపలికి రానీయమనకూడదు. హోటళ్ల సంఘాలు రెండు ఢిల్లీ హైకోర్టుకు పోయి కొన్నాళ్లు ఆపించుకున్నాయి. 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా సింగ్ ఆ రెండు పిటిషన్లనూ కొట్టేసి, ఒక్కో సంఘానికి లక్ష రూపాయల ఖర్చులు కూడా వేశారు. సంఘాలు అప్పీలుకు పోయాయి. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగిపోదు.

బిల్లు దాచుకున్నారా? ఉంటే 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అంతటితో తేలకపోతే 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటి నుంచే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు.

ఓడలో తీయించొద్దన్న మనిషి ఇక్కడ కట్టొద్దంటుందేమని మీరు అడగొచ్చు. మన దగ్గర సర్వర్‌కు ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం యజమాని ఇవ్వాలి, టిప్పు వస్తుందని అందులో కోత పెట్టే వెసులుబాటు లేదు. సర్వీస్ చార్జి పోయేది యజమాని ఖాతాలోకి. అందులో ఎంత కిందికి దిగుతుందో బిల్లు మీద ఎక్కడా ఉండదు. అందుకే ఆ 284 కట్టకండి, వడ్డించిన మనిషికి ఇయ్యాలనుకున్నది చేతిలో పెట్టండి. బిల్లు వచ్చే చిన్న ప్లేటులో సోంపు, పటికబెల్లం పక్కన నోటు పెట్టి లేచిపోతే అది ఎటు పోతుందో తెలియదు. పేరు అడిగి, కళ్లలోకి చూసి, "ఇది నీకే తమ్మీ" అని ఇవ్వండి. ఫోన్‌తో కొడితే యజమాని ఖాతాకే పోతుంది గనుక పర్సులో నాలుగు నోట్లు ఉంచుకోండి.

ప్రశ్న: నమస్తే అక్కా. హోటల్ మేనేజ్‌మెంట్ చేశాను. క్రూయిజ్ షిప్పులో స్టీవార్డ్ ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. "జీతం తక్కువే గానీ టిప్పులే నెలకు లక్ష దాటుతాయి" అంటున్నాడు. బాపు సింగరేణిలో ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. పీఎఫ్ మీద అప్పు తీస్తానంటున్నాడు. పోవాలా?
– మందమర్రి తమ్ముడు

జవాబు: తమ్ముడూ, బాపును పీఎఫ్ ముట్టుకోవద్దని ఈ పూటే చెప్పు. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర ఫీజు తీసుకోవడమే తప్పు. 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం అట్లా అంటోంది, మన దేశం 2015లో దాన్ని ఒప్పుకుంది. నీ పాస్‌పోర్టు, డాక్టర్ సర్టిఫికెట్, నావికుడి పుస్తకం ఖర్చులు నీవి. వీసా ఖర్చు ఓడ యజమానిది. రెండున్నర లక్షలు అడిగాడంటేనే అతని సంగతి తేలిపోయింది.

ఆ పని మీద నీకు మోజు ఉంటే అడ్డు చెప్పను. సముద్రం చూడాలన్న ఆశ మంచిదే. కానీ దారి సరైనది పట్టుకో. ముంబైలోని డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ దగ్గర ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉన్న కంపెనీ ద్వారానే పో. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏజెంటు చెప్పిన పేరును అందులో అక్షరమక్షరం పోల్చి వెతుక్కో.

కాంట్రాక్టు చేతికి వచ్చాక మొదలు ఒక్క గడి చూడు: టిప్పులు అసలు రాకపోయినా నెలకు ఖాయంగా ఇచ్చేది ఎంత? నేను పైన రాసిన ఫాల్‌బ్యాక్ గడి లాంటిదే అది. 2025లో డెక్కు మీద పనిచేసే నావికుడికి ప్రపంచ స్థాయిలో అనుకున్న కనీస మూల వేతనం నెలకు 673 డాలర్లు. హోటల్ విభాగం వాళ్లకు మాత్రం కాంట్రాక్టులో ఏముంటే అదే జీతం. నీకు రాసింది ఆ అంకెకు ఎంత దూరంలో ఉందో చూస్తే నీకే అర్థమవుతుంది. "టిప్పులతో కలిపి ఇంత" అని రాసి ఉంటే ఆ టిప్పు ప్రయాణికుడు కొట్టేయిస్తే ఎవరు పూడుస్తారో రాతలో అడుగు. పని గంటలు రోజుకు 14కు మించకూడదు, రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి. ఇంటికి తిరిగొచ్చే టికెట్టు ఎవరిదో కూడా చదువు. ఎనిమిది తొమ్మిది నెలలు వారాంతపు సెలవు లేకుండా చేసే ఉద్యోగం అది. నోటి మాట మీద సంతకం పెట్టకు.

ప్రశ్న: మాది మూడో అంతస్తు. గ్యాస్ బండ తెచ్చే అతను ప్రతిసారీ రసీదు మీది ధరకు 50 రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు. ఒకసారి ఇవ్వకపోతే తర్వాతి బండ మూడు రోజులు ఆలస్యమైంది. టిప్పు అనుకుని ఊరుకోవాలా?
– ఒక గృహిణి, జ్యోతినగర్

జవాబు: ఊరుకోవద్దు. రసీదు మీది ధరలోనే ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు కలిసి ఉంటుంది. ఇవ్వకపోతే బండ ఆగుతుందంటే అది టిప్పు కాదు, వసూలు. కానీ కొట్లాట అతనితో పెట్టుకోకండి. 14.2 కిలోల గ్యాసు, బండ బరువు కలిపి ముప్పై కిలోల దాకా భుజం మీద మోస్తూ మూడంతస్తులు ఎక్కిన మనిషి. మంచినీళ్లు ఇచ్చి ఏజెన్సీ అతనికి బండకు ఎంతిస్తుందో అడగండి. చాలామందికి నెల జీతం ఉండదు, బండల లెక్కే. జవాబు విన్నాక ఫిర్యాదు ఏజెన్సీ మీద 1800 2333 555కు చేయండి, అతని పేరు చెప్పకండి. ఎండాకాలం మీకు మనసై పదో ఇరవయ్యో చేతిలో పెడితే అది మీ ఇష్టం. వచ్చే బండకు మాత్రం రసీదు చేతికి వచ్చాకే డబ్బు తీయండి.