టిక్కు పెట్టే ముందు: ఈఓటీ క్రేన్ తనిఖీ మీద ఒక పాఠం

రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో నేను ఒక ఫాబ్రికేషన్ షాపులో ఇంటర్న్‌షిప్ చేశాను. ఊరూ పేరూ వద్దు. అక్కడ 10 టన్నుల ఈఓటీ క్రేన్ ఒకటి ఉండేది. ఈఓటీ అంటే ఎలక్ట్రిక్ ఓవర్‌హెడ్ ట్రావెలింగ్. షెడ్డుకి రెండు వైపులా పట్టాలు, వాటి మీద అడ్డంగా ఒక వంతెన, వంతెన మీద అటూ ఇటూ తిరిగే ట్రాలీ, ట్రాలీ నుంచి వేలాడే కొక్కెం. మనలో ఏ బ్రాంచి వాళ్లైనా, ఉద్యోగంలో చేరాక ఏ ఫ్యాక్టరీలో అడుగుపెట్టినా, నెత్తి మీద కనిపించే మొదటి పెద్ద యంత్రం ఇదే. అందుకే ఈ పాఠానికి దీన్ని తీసుకున్నాను.

ఆ క్రేన్‌కి రోజూ నింపాల్సిన తనిఖీ రిజిస్టర్ ఒకటి ఉంది. ఒక రోజు ఫోర్‌మన్ గారు పిలిచి, "బాబూ, నాలుగు రోజులది ఖాళీగా ఉండిపోయింది. రేపు ఆడిట్. పాత పేజీ చూసి నింపెయ్" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, రోజూ తన క్యారేజీలో నాకూ ఇంత పెట్టేవారు. నేను నింపేశాను. 24 గడులు, నాలుగు రోజులు, 96 టిక్కులు. పది నిమిషాలు కూడా పట్టలేదు. అందులో "లిమిట్ స్విచ్ – ఓకే" అనే గడి కూడా ఉంది.

వారం తర్వాత ట్రాలీ చక్రానికి గ్రీజు పెట్టడానికి ఎక్కిన ఫిట్టర్ కిందికి దిగి ఏం చెప్పాడంటే, పైన లిమిట్ స్విచ్‌ని ఎవరో బైండింగ్ వైరుతో కట్టేశారట. అంటే నేను టిక్కు పెట్టిన ఆ నాలుగు రోజులూ స్విచ్ పని చేయడం లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ 96 టిక్కులూ నా చేతిరాతే.

ముందు ఈ లిమిట్ స్విచ్ సంగతి అర్థం చేసుకోవాలి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కొక్కెం పైకి వస్తూ వస్తూ ఒక ఎత్తు దగ్గర తనంతట తాను ఆగాలి. ఆగకపోతే కొక్కెం ఉన్న బ్లాకు వెళ్లి ట్రాలీకి గుద్దుకుంటుంది. మోటారుకి ఆ సంగతి తెలియదు, అది లాగుతూనే ఉంటుంది. ఆ క్షణంలో రోప్ మీద పడే లాగుడుకి కొక్కేనికి తగిలించిన బరువుతో సంబంధం లేదు. మోటారు పూర్తి బలమంతా రోప్ మీదే. అందుకే ఖాళీ కొక్కెంతో ఉన్న క్రేన్ ప్రమాదం కాదనుకోవడం పొరపాటు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా రోప్ తెగుతుంది, బ్లాకు కింద పడుతుంది. ఆ బ్లాకు ఒక్కటే మనిషిని చంపడానికి చాలు.

ఈ స్విచ్‌లు సాధారణంగా రెండు రకాలు. రోటరీ రకం డ్రమ్ము ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి ఆపుతుంది. గ్రావిటీ రకంలో ఒక బరువు వేలాడుతుంటుంది. బ్లాకు వచ్చి ఆ బరువుని ఎత్తగానే కరెంటు తెగుతుంది. మొదటిది లెక్క చూస్తుంది, రెండోది అసలు బ్లాకునే చూస్తుంది. మా షాపులో రెండూ ఉన్నాయి. మరి సమస్య ఎక్కడ? అంతకు ముందు నెలలో రోప్ మార్చారు. కొత్త రోప్ పొడవు కాస్త తేడా. డ్రమ్ము చుట్ల లెక్క తప్పిపోయింది, రోటరీని మళ్లీ సెట్ చేయలేదు. అది ఆపాల్సిన చోట ఆపకపోవడంతో బ్లాకు ప్రతిసారీ గ్రావిటీ స్విచ్ దాకా వెళ్లి, క్రేన్ టక్కున ఆగిపోతోంది. పనికి అడ్డం వస్తోందని ఎవరో ఆ స్విచ్‌ని కట్టేశారు. కట్టినవాడిని తిట్టడం తేలిక. కానీ రోప్ మార్చిన రోజు "రోటరీ సెట్ చేశారా?" అని అడిగే కాగితం ఆ షాపులో ఒక్కటీ లేదు. రోజువారీ రిజిస్టర్ ఉంది, పని అయ్యాక చూసే తనిఖీ లేదు.

ఇక చట్టం దగ్గరికి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 29వ సెక్షన్ బరువులెత్తే యంత్రాలు, గొలుసులు, రోప్‌ల గురించి ఉండేది. అర్హత గల వ్యక్తి, అంటే చట్టం భాషలో కాంపిటెంట్ పర్సన్, కనీసం 12 నెలలకు ఒకసారి వీటిని క్షుణ్ణంగా పరీక్షించాలని అది చెప్పేది. ఎంత బరువు ఎత్తవచ్చో యంత్రం మీద స్పష్టంగా రాసి ఉండాలనేది. పరీక్ష కోసం తప్ప అంతకు మించి ఎత్తకూడదనేది. క్రేన్ పట్టాల మీద గానీ, దగ్గర గానీ తగిలే ప్రమాదం ఉన్న చోట మనిషి పని చేస్తుంటే, క్రేన్ అతనికి 6 మీటర్ల లోపు రాకుండా చూడాలనేది. మనుషులెక్కే లిఫ్టులకైతే 28వ సెక్షన్ కింద ఆరు నెలలకే పరీక్ష ఉండేది. ఈ చట్టాన్నీ మరికొన్నిటినీ కలిపి 2020లో పార్లమెంటు ఒకే కోడ్‌గా చేసింది. పరీక్షలకి మాత్రం ఇప్పటికీ 1948 చట్టం సెక్షన్లే బట్టీ పడుతున్నాం, అది వేరే గోల.

ఏడాదికోసారి వచ్చే కాంపిటెంట్ పర్సన్ ఆ రోజు యంత్రం ఎలా ఉందో చెబుతాడు. బైండింగ్ వైరు కట్టింది మాత్రం ఆయన వెళ్లాక. అందుకే రోజువారీ తనిఖీ, నెలవారీ తనిఖీ, ఏటా పరీక్ష అని మూడు అంచెలు. ఒకటి ఉంది కదా అని ఇంకోటి మానేయడానికి లేదు.

ఇప్పుడు రిస్క్ అసెస్‌మెంట్. మన సిలబస్‌లో ఉన్న 5×5 పట్టిక గుర్తుందిగా? తీవ్రతకి ఒకటి నుంచి ఐదు, జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు, రెండూ గుణించు. నాకు ఈ గుణకారం మీద ఒక ఫిర్యాదు ఉంది. రోప్ తెగడం అరుదు, కానీ ప్రాణం పోతుంది: 5×1 = 5. వేలికి గీరుకుపోవడం రోజూ జరిగేదే, పెద్దగా నష్టం లేదు: 1×5 = 5. పట్టికలో రెండింటి అంకె ఒకటే. కాబట్టి నా సలహా: ప్రాణం పోయే అవకాశం ఉన్నవాటిని పట్టికలో కలపకుండా వేరే కాగితం మీద రాసుకోండి. వాటికి అంకెలు వేయకండి. "ఇది జరగకుండా ఆపుతున్నది ఏమిటి? అది పనిచేస్తోందని మనకెలా తెలుసు?" అనే రెండు ప్రశ్నలు వేయండి.

రెండు సంఘటనలు చూద్దాం. 2007 ఏప్రిల్ 18, చైనాలోని లియావోనింగ్ రాష్ట్రం, తియేలింగ్‌లో ఒక స్పెషల్ స్టీల్ కర్మాగారం. దాదాపు 30 టన్నుల కరిగిన ఉక్కుతో వెళ్తున్న లాడిల్ కింద పడింది. ఉక్కు పొర్లి, కొన్ని మీటర్ల దూరంలో షిఫ్ట్ మారే సమయానికి ఒక గదిలో గుమిగూడిన కార్మికుల మీదికి వెళ్లింది. 32 మంది చనిపోయారు. కరిగిన లోహానికి వాడాల్సిన ప్రత్యేక క్రేన్ కాకుండా మామూలు రకం క్రేన్ వాడారని విచారణలో తేలింది. ఇక్కడ తనిఖీ చేసేవాడు రోప్, బ్రేకు, కొక్కెం అన్నీ చూసి "ఓకే" రాశాడే అనుకోండి. ఆ గది అక్కడెందుకుంది అన్న ప్రశ్న ఏ గడిలో వస్తుంది? ఐఎస్ఓ 12100 చెప్పే వరుస కూడా ఇదే: ముందు ప్రమాదాన్ని డిజైన్‌లోనే తీసేయ్, కుదరకపోతే అడ్డం పెట్టు, అన్నిటికన్నా చివర హెచ్చరిక బోర్డు. మనం బోర్డుతో మొదలుపెడతాం, చవక కాబట్టి.

రెండోది మన దగ్గరే. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక భారీ క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అప్పుడు దాని లోడు పరీక్ష జరుగుతోంది. దాని సాంకేతిక కారణాల జోలికి నేను వెళ్లడం లేదు. నాకు ముఖ్యం ఆ సందర్భం. యంత్రం నమ్మదగినదో కాదో ఇంకా తెలియని సమయమే కదా పరీక్ష అంటే! అంటే మామూలు రోజు కంటే పరీక్ష రోజున దాని మీదా, దాని కిందా, దాని పక్కనా తక్కువమంది ఉండాలి. మనవాళ్ల అలవాటు ఉల్టా. కొత్త యంత్రం మొదటిసారి తిరుగుతుందంటే కొబ్బరికాయ కొట్టి అందరం చుట్టూ చేరతాం. కాబట్టి పరీక్షా విధానంలో మొదటి వాక్యం బరువు గురించి కాదు, ఎవరెవరు ఎక్కడ నిలబడాలి, మిగతావాళ్లు ఏ గీత బయట ఉండాలి అన్నదే ఉండాలి.

ఇక అసలు పని, తనిఖీ ఫారం రాయడం. మా షాపు రిజిస్టర్‌లో ఒక వరస ఇలా ఉండేది: "వైర్ రోప్ పరిస్థితి – ఓకే / కాదు". దీన్ని ఎవరైనా నింపగలరు, రోప్ చూడకుండానే. మంచి వరసకి జవాబుగా టిక్కు కాదు, ఒక కొలత రావాలి. దాన్ని ఇలా మార్చవచ్చు: "డ్రమ్ము నుంచి కొక్కెం దాకా రోప్ చూడు. ఒక లే పొడవులో తెగిన తీగలు ఎన్ని? ఒకే స్ట్రాండులో ఎన్ని? వెర్నియర్‌తో వ్యాసం ఎంత?" లే అంటే ఒక స్ట్రాండు రోప్ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవు. ఈఓటీ క్రేన్లకి అమెరికా ఏఎస్ఎంఈ బీ30.2 ప్రమాణం ప్రకారం ఒక లేలో ఎక్కడైనా 12 తీగలు, లేదా ఒకే స్ట్రాండులో 4 తెగితే రోప్ తీసేయాలి. ఐఎస్ఓ 4309 లెక్క వేరు, అక్కడ రోప్ వ్యాసానికి 6 రెట్లు, 30 రెట్లు పొడవుల్లో లెక్కపెడతారు. ఏదైనా ఒకటి పట్టుకోండి, ఏది పట్టుకున్నారో ఫారం మీద రాయండి.

వెర్నియర్ పెట్టేటప్పుడు చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. రోప్ గుండ్రంగా ఉండదు, స్ట్రాండ్ల వల్ల గట్లూ పల్లాలూ ఉంటాయి. గట్టు నుంచి గట్టుకి, అంటే ఎక్కువ వచ్చే కొలతే వ్యాసం. ఇంకోటి, తెగిన తీగల కోసం రోప్ మీద చెయ్యి రాయకండి. ఆగి ఉన్న రోప్ మీద పాత గుడ్డ ముక్కతో తుడిస్తే తీగ ఉన్నచోట అదే పట్టుకుంటుంది. ఈక్వలైజర్ పుల్లీ దగ్గర మర్చిపోకుండా చూడండి. అక్కడ రోప్ కదలనట్టే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ చూడరు, అది అరిగేది మాత్రం అక్కడా అరుగుతుంది.

కొక్కేనికి నోటి వెడల్పు కొలవాలి. బరువుకి వంగితే నోరు తెరుచుకుంటుంది. అమెరికా ఓషా పాత నిబంధనలో 15 శాతం దాటితే, లేదా మెలిక 10 డిగ్రీలు దాటితే పనికిరాదు. ఏఎస్ఎంఈ బీ30.10 తర్వాత దాన్ని 5 శాతానికి, అదీ 6 మిల్లీమీటర్లకి మించకుండా బిగించింది. కొత్తగా ఉన్నప్పుడు 60 మిల్లీమీటర్లున్న నోరు 64 అయితే? పాత లెక్కలో పర్లేదు, 69 దాకా అవకాశం ఉంది. కొత్త లెక్కలో 63 దాటింది, తీసేయాలి. అసలు కొత్తగా ఉన్నప్పటి కొలత రాసిపెట్టుకోకపోతే ఈ శాతాలన్నీ వృథా. మా షాపులో అది ఎవరి దగ్గరా లేదు.

లిమిట్ స్విచ్‌కి ఓషా చెప్పేది సరళం: ప్రతి షిఫ్ట్ మొదట్లో, ఖాళీ కొక్కెంతో, కొద్దికొద్దిగా పైకి తెస్తూ ఆగుతుందా చూడు. కింద ఎవరూ ఉండకూడదు. ఒకరు పక్క నుంచి బ్లాకునే చూస్తూ ఉండాలి, ఆగాల్సిన ఎత్తుకి పెయింటు గీత ఉంటే ఇంకా మంచిది. గీత దాటితే వెంటనే బటన్ వదిలేయడమే. రోజూ పనిలో ఆ స్విచ్ మీదే ఆధారపడి క్రేన్ ఆపకూడదు. అలాగే కొక్కెం అట్టడుగుకి దిగినప్పుడు డ్రమ్ము మీద కనీసం రెండు చుట్లు మిగలాలి.

ఫారంలో ప్రతి వరసకీ ఇంకో గడి ఉండాలి: పరిమితి దాటితే ఎవరు ఆపుతారు? "మెయింటెనెన్స్‌కి తెలియజేయాలి" అని రాస్తే ఆ క్రేన్ సాయంత్రం దాకా తిరుగుతుంది, డిస్పాచ్ ఉంటుంది కదా. మెయిన్ స్విచ్‌కి తాళం వేసే అధికారం తనిఖీ చేసినవాడికే ఉండాలి, తీసే అధికారం ప్రొడక్షన్ వాళ్లకి ఉండకూడదు. ఈ ఒక్క వాక్యం దగ్గర మా ఫోర్‌మన్ గారికీ నాకూ రెండు రోజులు నడిచింది. "నువ్వు వెళ్లిపోతావు బాబూ, రేపు మేనేజర్‌కి సమాధానం చెప్పేది నేను" అన్నారు. అబద్ధం కాదు. చివరికి తాళం ఒకటి, తాళంచెవి ఆపరేటర్ దగ్గర, రెండోది ఆయన దగ్గర అని ఒప్పందం కుదిరింది. నేను అడిగింది అది కాదు, కానీ ముందున్న దానికంటే నయం.

నేను పెట్టిన 96 టిక్కుల సంగతి ఆయనతోనే చెప్పి, ఆ పేజీల మీద "ఆ రోజుల్లో చూడలేదు" అని ఎర్ర ఇంకుతో రాశాను. ఆయన ఏమీ అనలేదు, పక్కన సంతకం మాత్రం పెట్టారు. 24 గడుల ఫారాన్ని 9కి తగ్గించి, అందులో ఆరింటికి కొలత రాసేలా చేశాం. మొదటి రోజు అన్నీ నిండాయి. రెండో రోజు ఆపరేటర్ ఈక్వలైజర్ పుల్లీ గడిలో అంకె వేయకుండా "చూడలేదు, నిచ్చెన లేదు" అని రాశాడు. మూడో వారంలో నిచ్చెన వచ్చింది.